లీవు లెటరు

హెడ్మిస్ట్రెస్ గది గుమ్మంలో నిలబడి సెలవు కోసం నసిగే రోజులు పోయాయి. ఇప్పుడు టీచర్ల చేతికున్న స్మార్ట్ పట్టీయే నాడి చూసి సెలవు ఇచ్చేస్తుంది. కారణం ఎవరికీ చెప్పదు. టీచరు రాని రోజు పాఠం గోడమీది తెర చెబుతుంది.

తొమ్మిది రోజుల తర్వాత బడికొచ్చిన కోమలి టీచరు, హెడ్మిస్ట్రెస్ విమలాదేవి బల్లమీద చేత్తో రాసిన లీవు లెటరు పెట్టింది.

"సెలవు పట్టీయే ఇచ్చేసిందిగా కోమలిగారూ, మళ్ళీ ఇదెందుకండీ?"

"అది నన్ను ఎందుకని అడగలేదు మేడమ్. మీరైనా అడుగుతారేమోనని రాసుకొచ్చాను."

విమలాదేవి కాగితం విప్పింది. అందులో ఒకటే వాక్యం ఉంది: 'మా పాప చనిపోయింది.'

ఏదో అనాలని ఆమె నోరు తెరిచింది. టీచర్లను ఏమైనా అడిగి పన్నెండేళ్లయింది. పాత అలవాటులో మిగిలిన ప్రశ్న ఒక్కటే బయటికొచ్చింది.

"ఎన్ని రోజులు కావాలి?"