ఏ ఇబ్బందీ లేదు

“రెండు నెలలుగా వాడెవడో నీ కూతురి వెంటపడుతున్నాడంటావు. మరి ఇదేంటమ్మా?” అంటూ ఎస్సై రిజిస్టరు ముందుకు తోశాడు.

పోలీసులు వారం వారం వీధివాళ్లను పలకరించి సంతకం తీసుకునే రిజిస్టరు అది. ప్రతి మంగళవారం ఎదురుగా ‘ఏ ఇబ్బందీ లేదు’ అని ఉంది. కింద ఉన్నది ఫిర్యాదుకొచ్చిన ఈ ఇస్త్రీ బండి ఆమె సంతకమే. కూతురు కనపడకుండా పోయిన మొన్నటి మంగళవారంతో సహా.

ఆమె గోడవారగా నిలబడ్డ కానిస్టేబుల్ వైపు తిరిగింది. “నువ్వు చెప్పన్నా. మోకాళ్ల నొప్పులతో వారం వారం ఏం తిరుగుతావులే అని, ఏడాదికి సరిపడా సంతకాలు ఒక్కపూటే పెట్టిచ్చాను కదా.”

ఆవేళ ఆమె చేతి నీళ్లు తాగి, చెల్లెమ్మా అని దీవించిన మనిషి నేలచూపులు చూశాడు. “వారం వారం వెళ్లాను సార్.”

ఆమె రిజిస్టరు మీద వేలు పెట్టింది. “పేజీ తిప్పండి సారూ. వచ్చే మంగళవారం చూడండి.”

ఎస్సై తిప్పాడు. ఇంకా రాని మంగళవారం కింద కూడా ఆమె సంతకం ఉంది. ఆయన కానిస్టేబుల్‌ని ఎగాదిగా చూశాడు. నిజం తేలిందని ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆయన రిజిస్టరు మూసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

“నీ ఫిర్యాదు రాసుకుంటే ఈ పుస్తకమంతా అబద్ధమైపోతుందమ్మా. ముందు మా ఉద్యోగాలు పోతాయి. ఇంటికెళ్లు, నాలుగు రోజులు చూద్దాం.”

కానిస్టేబుల్ కుంటుకుంటూ వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. “తాగు చెల్లెమ్మా.”

ఆమె గ్లాసు అందుకోలేదు.

“తాగినట్టు ఎక్కడ సంతకం పెట్టాలన్నా?” అంది.