హవాయి చెప్పుకి బకిలు

ఆస్పత్రి రెండో అంతస్తుకి వెళ్లే మెట్ల మలుపులో పోస్టమ్మ వంగి, చెప్పు బకిలు పెట్టుకుంటోంది.

"హవాయి చెప్పులకి బకిలెక్కడిదండీ?" అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూసింది. నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డసంచి, నవ్వుమొహం. ఆస్పత్రికి కాలక్షేపానికి వచ్చిన మనిషిలా ఉంది.

పోస్టమ్మకు ఒళ్లు మండింది. ఆయాసం వచ్చినప్పుడల్లా వంగి చెప్పు సర్దుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇంట్లో కూతురూ, ఆఫీసులో తోటివాళ్లూ ఇన్నాళ్లూ నమ్మారు. ఈవిడెవరో వచ్చీ రాగానే పట్టేసింది.

"మీకు వేరే పనేం లేదా?"

"లేదమ్మా" అంటూ సంచి ఆవిడ మెట్టు మీద చతికిలబడింది. "రండి, కూర్చోండి. నాకూ ఆయాసమే."

ఆ మాటకి పోస్టమ్మ కాస్త మెత్తబడింది, కూర్చుంది.

పోస్టమ్మకు రొమ్ము క్యాన్సర్ తగ్గి కొన్నేళ్లయింది. వైద్యం జరుగుతున్నప్పుడు ఆమెను ఉత్తరాలు పంచే సైకిలు దింపి, వాటిని వేరుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ ఆ బల్లే గతి. వీధులన్నీ చుట్టబెట్టిన మనిషికి నాలుగు గోడల మధ్య ప్రాణం విసిగిపోయింది. గుండె పరీక్ష చేసి డాక్టరు సరేనంటే సైకిలు తిరిగిస్తామన్నారు పైవాళ్లు. ఆ ఒక్క మాట కోసమే వచ్చింది. సైకిలు తొక్కబోయేదానికి లిఫ్టెందుకని మెట్లెక్కింది.

ఇదంతా ఈ ముక్కూమొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. సంచి ఆవిడ అడిగే తీరు అలాంటిది. రేడియేషన్ ఎడమవైపు ఇచ్చారా, పడుకుంటే ఎన్ని దిండ్లు కావాలి, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా. పోలీసులు కూడా ఇన్ని అడగరు అనుకుంది పోస్టమ్మ.

"లోపల డాక్టరమ్మకి ఇవేం చెప్పను. అడిగితే అంతా బాగుందంటాను" అంది గుసగుసగా.

సంచి ఆవిడ పడిపడి నవ్వింది. పోస్టమ్మకీ నవ్వాగలేదు. బడి ఎగ్గొట్టిన పిల్లల్లా ఇద్దరూ మెట్లకు అడ్డంగా కూర్చుని నవ్వుతుంటే, వచ్చేపోయేవాళ్లు తప్పుకుని వెళ్లారు.

నవ్వు తగ్గాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ప్రాణం నిలబెట్టిన క్యాన్సర్ మందులే కొందరిలో గుండెను నీరసపరుస్తాయట. ముందే కనిపెడితే మాత్రలతో చాలామందికి కుదుటపడుతుందట.

"దాస్తే డాక్టరుకి పోయేదేం లేదమ్మా. పోయేది మీ సైకిలే."

పోస్టమ్మ మొహం మాడ్చుకుంది. తన ఆయాసం వయసుతో వచ్చిందనీ, ఉచిత సలహాలు అక్కర్లేదనీ విసురుగా అనేసి, చరచరా మెట్లెక్కింది. పై మలుపులో మళ్లీ వంగక తప్పలేదు. కిందనుంచి నవ్వు వినబడింది.

లోపల డాక్టరు చిన్నపిల్ల, కూతురి వయసుంటుంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

లేదనబోయింది. చూపు కాళ్ల మీద పడింది. వెధవ హవాయి చెప్పులు.

"వస్తోంది. చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగిపోతాను."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆగింది. తలెత్తి పోస్టమ్మను ఒక్క క్షణం చూసింది.

ఇక దిండ్లూ పాదాలూ ఏవీ దాచలేదు పోస్టమ్మ. బీపీ చూశారు, రక్తం తీశారు, పక్కకు తిప్పి పడుకోబెట్టి తెరమీద గుండెను చాలాసేపు పరీక్షించారు. అంతసేపూ ఆమెకు సైకిలు బెల్లే గుర్తొచ్చింది. నోరు జారి చేజేతులా పోగొట్టుకున్నానని కుమిలిపోయింది.

గుండె కాస్త నీరసించిందట. బీపీ కూడా ఎక్కువేనట. అయితే మొదట్లోనే దొరికింది. డాక్టరు మాత్రలు రాసి, ముందు రోజూ నడవమంది. మళ్లీ పరీక్ష చేసి చూసి, మెల్లగా సైకిలు మొదలుపెట్టిస్తానంది.

"అంటే నేను మళ్లీ సైకిలెక్కుతానన్నమాట!"

"ఎక్కిస్తాను. మీరు ఇవాళ చెప్పబట్టే."

పోస్టమ్మకు ఆనందం పట్టలేదు. డాక్టరని కూడా చూడకుండా ఆ పిల్ల బుగ్గలు పుణికేసింది. అంతలోనే సంచి ఆవిడ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మెట్ల దగ్గర ఒక పెద్దావిణ్ణి పనీపాటా లేని మనిషనుకుని కసిరాననీ, కనబడితే రెండు చేతులూ పట్టుకోవాలనీ చెప్పింది.

డాక్టరు ఆమెను వరండాలోకి తీసుకొచ్చి కిందికి చూపించింది.

కింది మలుపులో సంచి ఆవిడ మరొకామెను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో అడుగుతోంది. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇద్దరూ లేచి మెట్లెక్కారు. మధ్యలో సంచి ఆవిడ ఆగి, గోడకి చెయ్యానించి, చెప్పు వంక పెట్టి వంగకుండా తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"ఎవరమ్మా ఆవిడ?"

"నేను కూర్చునే కుర్చీ ఆవిడదేనండీ, గుండె చూడటం నాకు నేర్పిందీ ఆవిడే. క్యాన్సర్ తగ్గాక తనకే ఆయాసం మొదలైతే మాత్రం, మా అందరి కళ్లుగప్పి, చాలా ఆలస్యమైపోయేదాకా ఇవే మెట్ల మీద వంగి చెప్పు సర్దుకునేది."