బాపు మొకం ఎటున్నది

నడిసముద్రంల ఎక్కడో ఒక దీవి ఉన్నదట. అక్కడోళ్లు సచ్చిన పెద్దలను రాతిల చెక్కి, సముద్రానికి వీపు పెట్టి, ఊరి దిక్కు మొకం చేసి నిలబెడతరని బోథ్ ఊరి బడిల పంతులు బొమ్మ చూపెట్టి చెప్పిండు. మొండయ్యకు మనసునవట్టింది. చేను గట్టున తన బాపు మొకం చెక్కిచ్చిన రాయిని గట్లనే పాతిండు, అడవికి వీపు, గుడిసెకు మొకం.

ఓ రాత్రి కుక్క అరుసుడు మధ్యలనే ఆపింది. ఎండుటాకుల మీద బరువైన అడుగులు గట్టు దాక వచ్చి ఆగినయి. గుడిసెల మొండయ్య తన పసిపిల్లను పొట్టకు అదుముకున్నడు. మళ్ల ఏ సప్పుడూ రాలే.

తెల్లారి చూస్తే పులి అడుగులు రాయి దాక వచ్చి, అట్నుంచే అడవిలకు మర్లిపోయినయి. రాయి చుట్టు మట్టి జరంత కదల్లే. గని బాపు మొకం అడవి దిక్కున్నది.

"మళ్ల మనదిక్కు తిప్పుదమా?" అన్నది పెండ్లాం సారక్క.

మొండయ్య రాయి ముందల జొన్నరొట్టె పెట్టి మొక్కిండు. "వద్దే. కావలున్నోన్ని కదిలియ్యద్దు."