తేదీల వారీగా

గేటు చప్పుడైతే దేవిక బయటికి వచ్చింది.

గ్రీజు మరకల ఖాకీ చొక్కాతో, నలభై దాటిన మనిషెవరో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, పెద్దయ్య ఫోటో ఒకటి ఉంటే ఇస్తరా?"

"ఎవరండీ మీరు?"

"రైల్వే వర్క్‌షాపుల పని చేస్త. సాయంత్రం పూట దారిల కలుస్తుంటిమి. యాదికుంటదని అడుగుతున్న."

నాన్న పోయి మూడు వారాలు. పరామర్శలకు జవాబు చెప్పీ చెప్పీ దేవిక అలిసిపోయి ఉంది. పైగా ఈ మనిషి గురించి నాన్న ఏనాడూ చెప్పలేదు.

"ఫోటోలన్నీ కంప్యూటర్లో కలగాపులగంగా ఉన్నాయండీ. సర్దాక చూద్దాం."

"నాకు గుంతకల్ ట్రాన్స్‌ఫర్ అయిందమ్మా. రేపే పోతున్న."

"ఇప్పటికిప్పుడంటే కుదరదండీ."

"పర్వాలేదు తియ్యమ్మా. మీరు పరేషాన్ గాకుండ్రి."

అతను ఇంటి వైపు తిరిగి చేతులు జోడించి వెళ్లిపోయాడు.

మంచినీళ్లు కావాలా అని కూడా ఆమె అడగలేదు. పేరూ అడగలేదు.

దేవిక తండ్రి దేముడుబాబు విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక, ఒక్కగానొక్క కూతురి దగ్గరికి మెట్టుగూడ వచ్చేశాడు. దేవికది బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి పోతే ఇల్లు చేరేసరికి తొమ్మిది.

నాన్నకు పొద్దుపోదని డిజిటల్ కెమెరా కొనిచ్చింది.

ఆయన రోజూ సాయంత్రం దాన్ని మెడలో వేసుకుని లాలాగూడ దాకా నడిచేవాడు. ఆదివారం ఆదివారం దేవిక కార్డు ఖాళీ చేసి, ఉన్నవన్నీ కంప్యూటర్లో పడేసేది.

"సూసినావేటి పాపా?"

"చూస్తాను నాన్నా."

చూడలేదు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆయన గుండె ఆగిపోయింది.

ఆ ఖాకీ చొక్కా మనిషి వచ్చి వెళ్లాక, రెండో ఆదివారం గాని ఆమెకు కంప్యూటర్ ముందు కూర్చునే ధైర్యం రాలేదు.

రెండు వేలకు పైనే ఉన్నాయి ఫోటోలు. రైలు పెట్టెలు ఒక ఆల్బమ్‌లో పెట్టింది. మోండా మార్కెట్‌లో కాకరకాయల కుప్పలు, నిమ్మకాయల బుట్టలు ఇంకో ఆల్బమ్‌లో. ఆయన వేలు అడ్డం పడినవి కూడా తీసెయ్యబుద్ధి కాక, వాటికీ ఒకటి చేసింది.

ఏడెనిమిది ఫోటోల్లో ఆ ఖాకీ చొక్కా మనిషి నవ్వుతూ ఉన్నాడు.

ఇక మిగిలినవి వీడియోలు. వందకు తక్కువ లేవు. ఫోటో అనుకుని నాన్న పొరపాటున నొక్కినవే అన్నీ. దేనిలో చూసినా తారురోడ్డు, చెప్పుల కాళ్లు.

అన్నీ ఒకేసారి తీసేద్దామనుకుంది. నాన్న గొంతు వినిపిస్తుందేమోనని ఒకటి తెరిచింది.

రోడ్డు ఊగుతోంది.

"ఎవులు బాబూ నువ్వు? మా ఇల్లెటేపో నాకు తెలీట్లేదు."

"నా పేరు మధుసూదన్, పెద్దయ్యా. మీ ఇంటి దిక్కే పోతున్న. పదండి, పోదాం."

గేటు దగ్గర విన్న గొంతే అది.

వీడియోలన్నీ తేదీల వారీగా పేర్చుకుని మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది.

మార్చి పదహారు. "ఎవులు బాబూ నువ్వు?"

"మధుసూదన్, పెద్దయ్యా. మీ ఇంటి దిక్కే పోతున్న."

మార్చి పదిహేడు. "ఎవులు బాబూ?"

"మధుసూదన్, పెద్దయ్యా."

జులైలో గొడుగు మీద వాన చప్పుడు. అదే ప్రశ్న, అదే జవాబు.

ఏడు నెలలు. ఒక్కనాడంటే ఒక్కనాడు కూడా ఆ మనిషి "నిన్ననే చెప్పిన గద" అనలేదు.

నాన్న ఆమెను రెండుసార్లు అమ్మ పేరుతో పిలిచాడు. అప్పుడు నవ్వేసింది. అంతకు మించి ఏదీ ఆమెకు తెలియదు.

ఆగస్టు వీడియో ఒకదాంట్లో నాన్న గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"మా పాపకి సెప్పకు బాబూ. తెలిస్తే ఉద్యోగం మానేసి నా కాడే కూకుంటాది."

"చెప్ప పెద్దయ్యా. ఒట్టు."

గేటు దగ్గర ఆమె అంత కటువుగా మాట్లాడినా అతను ఒక్క ముక్క చెప్పలేదు.

దేవిక ఏడ్చింది. ఆ వీడియోలన్నిటికీ ఒక ఆల్బమ్ చేసి, "మధుసూదన్ గారు" అని పేరు పెట్టింది. నాన్న ఉన్న ఫోటోల్లో మంచిది ఒకటి ప్రింటు వేయించింది.

సోమవారం సెలవు పెట్టి లాలాగూడ వర్క్‌షాపుకు వెళ్లింది. గేటు దగ్గర పలకరించిన పేతురు అనే పెద్దమనిషిని మధుసూదన్ గారి గురించి అడిగింది.

"మధన్ననా? గుంతకల్ పోయి పది దినాలైందమ్మా."

"తెలుసండీ. ఇంట్లోవాళ్లు ఇక్కడే ఉన్నారేమో, ఈ ఫోటో ఇద్దామని. మెట్టుగూడలో మా ఇంటి వైపే కదా ఉండేది? ఇల్లెక్కడో చెబుతారా?"

పేతురు ఆమె వైపు వింతగా చూశాడు.

"మెట్టుగూడల ఏడుందమ్మా? వాళ్లది బోయిన్‌పల్లి. డ్యూటీ దిగంగనే మేమందరం బస్సుకు ఉరుకుతుంటే ఈయనొక్కడు ఉల్టా దిక్కు నడుస్తుండె. ఏడికన్నా అని అడిగితే, 'మా నాయినను ఇంటికాడ దింపొస్త' అంటుండె."