పెన్నా బాయ్స్ మళ్లీ ఓడిపోయింది

"మొదలైందా?" అన్నాడు హుమాయున్, కువైట్ నుంచి.

"ఇప్పుడే," అంది సకీనా, ప్రొద్దుటూరు నుంచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటూ.

శుక్రవారం అతనికి సెలవు. ఎడారిలో ఆ గొర్రెల దొడ్డి దగ్గర నీళ్ల ట్యాంకు ఎక్కితే తప్ప సిగ్నల్ అందదు. అది కూడా మాటకే, వీడియోకు చాలదు. వారమంతా గొర్రెల మొహాలే చూసే హుమాయున్ ఆ ఒక్క పూట ట్యాంకు ఎక్కి కూర్చుంటాడు. భార్య ఎలా ఉందో రెండు ముక్కల్లో అడుగుతాడు. మిగతా సమయమంతా పెన్నా బాయ్స్ ఫుట్‌బాలే.

కువైట్ పోకముందు అతను ఆ టీముకు గోల్‌కీపర్. గెలిచినన్నాళ్లు ఊరంతా వెంట తిరిగింది. ఓడటం మొదలయ్యాక మిగిలిన అభిమాని హుమాయున్ ఒక్కడే, అదీ సముద్రం అవతల.

"ఈ వారం ఎవరితో?"

"పులివెందులోళ్లతో."

హుమాయున్ నిట్టూర్చాడు. పోయిన శుక్రవారం జమ్మలమడుగు వాళ్లు నాలుగు గోల్స్ వేశారని విని రెండు పూటలు అన్నం ముట్టలేదట. సకీనాకు జ్వరమని విన్నప్పుడు మాత్రం తిన్నాడు.

ఈ శుక్రవారం సంగతి వేరు. సాయంత్రం యజమాని కాగితాలు తెస్తాడు. సంతకం పెడితే హుమాయున్ ఇంకో రెండేళ్లు అక్కడే. "రెండేళ్లే కదా మే" అన్న మాట సకీనాకు కొత్త కాదు. వచ్చేయమని బతిమాలింది. అలిగింది. ఏడ్చింది. చివరికి అడగడం కూడా మానేసింది, ఓపిక లేక.

విజిల్ మోగింది.

"ఏంది మే, ఈ రిఫరీ అంతసేపు ఊదుతాండాడు?"

"కొత్తాయన. విజిల్ చేతికొచ్చిందని సంబరం."

సకీనా పక్కనే కూర్చున్న పొరుగింటి నిర్మలమ్మ ఫోను వైపు వంగి గట్టిగా అరిచింది.

"ఒరే, బాలు కాళ్లకాడ పెట్టుకోని యాడ చూస్తాండావురా!"

"నిర్మలక్క కూడా వచ్చిందా?" హుమాయున్ మురిసిపోయాడు. "ఆయమ్మకుండే రోషం మనోళ్లలో ఒక్కనికీ లేదు. గోల్‌లో ఎవరుండారు?"

"నయీం."

"వాడా! వాడు చెయ్యెత్తితే బస్సే ఆగదు, బాలేం ఆగుతాది?"

"ఆగలేదు. ఒకటి పడింది."

హుమాయున్ అరచేత్తో ట్యాంకును చరిచాడు. ఆ మోత ఫోన్లో వినిపించింది.

సకీనా మంచినీళ్లు తాగి, రెండోది కూడా పడిందని చెప్పింది. మూడోది చెప్పేముందు జాలేసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెప్పింది.

"ఏ పక్కకు దూకినాడు వాడు?"

"దూకలేదు. కూసున్నాడు."

"కూసున్నాడా!"

"మోకాళ్ల నొప్పంట."

నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"నేనుండి ఉంటే..." అన్నాడు హుమాయున్. ప్రతి శుక్రవారం ఆ మాట దాకా వస్తాడు. అక్కడే ఆగిపోతాడు.

"మీరు ఆడుండి ఏం చేస్తారు లెండి. ఈ పొద్దు కూడా ఓడితే ఇంగ టీమే వద్దు, ఎత్తేద్దామని అంటాండారు."

"ఎవడన్నాడు ఆ మాట?"

"అందరూ."

"ఇప్పుడు ఎంతైంది?"

మళ్లీ విజిల్ మోగింది, ఇంతకు ముందు కంటే పొడుగ్గా.

"అయిపోయింది కూడా," అంది సకీనా. "వాళ్లవి ఐదు. మనది సున్నా."

హుమాయున్ గొంతు మారిపోయింది. గోల్ ముందు నిలబడిన రోజుల నాటి గొంతు అది.

"టీము ఎత్తొద్దని చెప్పు వాళ్లకు. నేను సంతకం పెట్టను. నెలాఖరుకు వస్తాండా. వచ్చిన మరుసటి శుక్రవారమే గ్లవ్స్ వేసుకుంటా. ఆ నయీంగాణ్ని కూసోనీ, ఇంగ లేచే పనే లేదు."

"నిజంగానా?" సకీనా గొంతు వణికింది. ఈసారి నిజంగానే వణికింది.

"ఈ గతిలో ఉంటే వాళ్లనట్లా వదిలేస్తానా మే?"

ఇంకెవరిని వదిలేసి ఉన్నాడో గుర్తుచేయడానికి అది సమయం కాదని ఆమె ఊరుకుంది. సిగ్నల్ పోయింది.

స్టవ్ ఆపి, విజిళ్లన్నీ అయిపోయిన కుక్కరు దించుతూ సకీనా, ఏడాది కిందటే ఎత్తేసిన టీముకు నెలాఖరులోగా పదిమందిని ఎక్కడ వెతకాలా అని నిర్మలమ్మ వైపు చూసింది.