ఎర్రజెండా దగ్గర

"జెండా ఎందుకెత్తిందో అడుగు, గ్రాంట్," అన్నాడు ఏమస్ కంకర లారీ దిగి.

అడగాల్సిన మనిషి నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఏమస్ మాత్రం ఆ వైపు తలైనా తిప్పలేదు.

గ్రాంట్ సూపర్‌వైజర్. దక్షిణాన ఉన్న పట్నం నుంచి కిందటి వారమే యూకాన్ కొండల్లోకి వచ్చాడు. గనికి వేస్తున్న ఈ కంకర రోడ్డును మంచు పడేలోపు పూర్తి చేయించాలి. ఎడ్నాది రోడ్డు దాటే అడవి జంతువుల కాపలా. ఆమె ఎర్రజెండా ఎత్తితే ఎంత పెద్ద యంత్రమైనా ఆగాల్సిందే.

"కారిబూ దుప్పులొస్తున్నాయి," అంది ఎడ్నా, తన బండి మెట్టు మీద కూర్చుని తోలు జోళ్లు కుడుతూ. "ముందు నడిచేవాటిని దాటనివ్వాలి. అవి బెదిరి వెనక్కి తిరిగితే మందంతా తిరిగిపోతుంది. చలికాలమంతా ఊరికి మాంసం ఉండదు. అతనికి చెప్పు."

"వింటూనే ఉన్నాడుగా."

"చెప్పు."

గ్రాంట్ చెప్పాడు.

"ఆసుపత్రిలో నా పెళ్లానికి నొప్పులొస్తున్నాయని చెప్పు. తొలి కాన్పు. అక్కడికి ఉన్నది ఈ దారొక్కటే," అన్నాడు ఏమస్.

సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "అక్కడ నర్సులున్నారు. ఈ మందకు నేనొక్కదాన్నే. ఆగమను."

ఇంత రాతిగుండె మనిషిని గ్రాంట్ ఎక్కడా చూడలేదు. వీళ్లకు ఏ పాత పగలున్నాయోగాని, మధ్యలో తను నలిగిపోతున్నాడు. "ఎవరికమ్మా ఆ జోళ్లు?" అన్నాడు చిరాగ్గా.

"కాళ్లున్నవాళ్లకి."

గుట్ట మీద కొమ్ములు కనిపించాయి. ముసలి ఆడ కారిబూ ఒకటి కొత్త కంకరను వాసన చూసింది, తటపటాయించింది, చివరికి దాటింది. దాని వెనకే మిగతావి కదిలాయి. అంతలో లారీలో వైర్‌లెస్ గరగరలాడింది. ఆడపిల్లట. తల్లీబిడ్డా క్షేమమట.

ఏమస్ చక్రం పక్కన కూలబడి ఏడ్చేశాడు. ఎడ్నా కొండవైపు ముఖం తిప్పుకుంది. ముందు నడిచేవన్నీ దాటాక జెండా దించింది. దారం కొరికి, అరచేతిలో రెండూ పట్టేంత చిన్న జోళ్లను గ్రాంట్‌కి అందించింది.

"అతనికివ్వు."

"పక్కనే ఉన్నాడు కదమ్మా. మీరే ఇచ్చి ఒక మంచిమాట చెప్పొచ్చుగా. ఇప్పుడు కూడా పగేనా?"

ఎడ్నా అతణ్ణి వింతగా చూసింది.

"మా తెగలో అత్తెక్కడైనా అల్లుడితో మాట్లాడుతుందా?"