గ్లాసు మోత

విద్యార్థులే నడిపే యూనివర్సిటీ రేడియోకి యాభై ఏళ్ళు నిండాయని, తొలి అనౌన్సరు కుముదినిని పిలిచారు. ఇప్పుడు నడపడమంటే ఏముంది, పిల్లలు తమ గొంతును యంత్రానికి అప్పజెప్పి వెళ్ళిపోతారు; ఆపైన అదే వాగుతుంది. స్టేషన్ చరిత్రనూ అదే తయారుచేసింది.

కార్యదర్శి మోక్షిత టీ ఇచ్చి, దాన్ని వినిపించింది. అందులో యంత్రం పలికిస్తున్న కుముదిని పాత గొంతు తేనెలా జారుతోంది. దగ్గు లేదు, తడబాటు లేదు. సిగ్నేచర్ ట్యూన్‌కి దిక్కులేని ఆ రోజుల్లో, వార్తలకు ముందు ఆమె స్టీలు గ్లాసు మీద కొట్టే మూడు దెబ్బలూ లేవు. హాస్టళ్ళన్నీ ఆ మోతకే లేచేవి.

"గ్లాసు మోతేదమ్మా?"

"అది నాయిస్ కదా మేడమ్, తీసేసింది."

"నువ్వు విన్నావా ఇదంతా?"

"నా బదులు వినే యంత్రం వింది మేడమ్. చాలా బాగుందంది."

"ఈ సంబడానికి నన్నెందుకు పిలిచినట్టు?"

"ఇదంతా నిజమేనని మీ సంతకం కావాలి."

"నా గొంతే వచ్చినదానికి సంతకం రాదా? దాన్నే పెట్టుకోమను."

కుముదిని లేచి, పెన్నుతో టీ గ్లాసు మీద గట్టిగా మూడు దెబ్బలు కొట్టింది. మోక్షిత ఉలిక్కిపడింది.

ఆ స్టేషన్లో ఒక మోత మనిషి చెవిన పడటం ఆ ఏడాదికి అదే మొదలు.